దించేటప్పటి లెక్క

కరెంటు పోయి వచ్చిన సందుల
సుప్రజ వచ్చింది, చేతిల నోటుబుక్కు,
చెవి ఎనుక పెన్సిలు.
"ఓదెలు మామా, వాలుతలం లెక్క ఒకటి వస్తలేదు."
"వాలుతలమంటే?"
"ఇంక్లైను మామా."

నవ్వొచ్చింది నాకు.
మనముండేదే యైటింక్లైన్ కాలనీ.
ఇరవై ఆరేండ్లు హాలేజీ ఇంజను మీద కూసున్న,
బాయి నోట్లకు చూసుకుంట.
వాలుతలం. పేరు మంచిగనే ఉన్నది,
తడి లేదు, మసి లేదు.

ఏడో తరగతి కాడ ఆగినోన్ని.
సైను అంటే నాకు సైనుబోర్డే ఎరుక.
అయినా అద్దాలు పెట్టుకొని బొమ్మ చూసిన:
ఏటవాలు గీత, దాని మీద డబ్బా,
తలా ఒక దిక్కు నాలుగు బాణాలు.
నూరు కిలోలు. ముప్పై డిగ్రీలు.
ఘర్షణ గుణకం సున్నా పాయింటు రెండు.
వేగం మారకుంట పైకి గుంజాలె, బలమెంత?

పిల్లకు మూడు వందల ఇరవై వచ్చింది.
పుస్తకం ఎనుక ఆరు వందల అరవై ఉన్నది.
మూడుసార్లు చేసిందట, మూడుసార్లూ అదే.
రబ్బరు రుద్ది రుద్ది కాయితం పల్చబడి
అవతలి పేజీ అక్షరాలు ఉల్టా కనబడుతున్నయి.

"ఇందుల మనిషేడి?" అన్న.
"మనిషెందుకు మామా, ఎఫ్ చాలు."
ఎఫ్ అంటే పైకెక్కే ఆ పెద్ద బాణమట.
సరే, నేను ఎఫ్‌ను.
టబ్బులకు లింకులేసే గట్టయ్య, వాడూ ఎఫే.
ఇద్దరం కలిసి ఒక్క గీత.

"మరి దాని పక్కన గీ చిన్నదేంది?"
"ఘర్షణ."
"పైకెందుకు గీసినవ్?"
"నిన్నటి లెక్కల గట్లనే ఉండె."
నిన్నటి లెక్కల డబ్బా కిందికి జారుతున్నదట.

అప్పుడు చేతులకు యాదికొచ్చింది.
నిండు టబ్బులు గుంజేటప్పుడు రోపు సన్నగ మూలిగేది,
పట్టాలు చక్రాలను పట్టుకొని ఇడువకపోయేటియి.
ఖాళీవి దించేటప్పుడు అవే పట్టాలు
బ్రేకు మీది నా కాలుకు ఆసరయ్యేటియి.
"బిడ్డా, ఘర్షణ ఎవ్వని పార్టీ కాదు.
ఎక్కిస్తే పగోడు, దించితే చుట్టం.
డబ్బా ఎటు పోతదో చూడు,
అది దానికి అడ్డం పంటది."

ఒక్కనాడు సెకండు షిఫ్టుల
ఆ చుట్టం చెయ్యి ఇడిచింది.
రోపు తెగిన చప్పుడు, ఎనుక గట్టయ్య కేక.
ఎడమకాలు.
అది పిల్లకు చెప్పలే.

బాణాన్ని కిందికి తిప్పింది.
నాలుగు వందల తొంభై, దాని మీద నూట డెబ్బై.
ఆరు వందల అరవై!
సంబురపడి, మళ్ల ఆగింది,
కొట్టేసిన అంకె మీద వేలు పెట్టి.
"మరి ఇదేంది మామా?
మూడుసార్లూ ఇదే ఎందుకొచ్చింది?"
నేను జర ఆలోచన చేసిన.
"అది దించేటప్పటి లెక్క గావచ్చు."
అట్ట మీదనే చేసి చూసింది, పెదిమె కొరుక్కుంట.
కిందికి, అదే వేగంతోని.
మూడు వందల ఇరవై.

"తప్పు కాదా అయితే?"
"తప్పే. నిన్ను అడిగింది అది కాదు గదా."
"మరి నడుమల, ఐదు వందలు పెడితే?"
"ఆగి ఉన్న టబ్బు ఆగే ఉంటది. పోదు, రాదు."
"ఎంతసేపు?"
"మళ్ల గంట కొట్టేదాంక."

పోయే ముందర, ఏమనుకున్నదో,
డబ్బా పక్కన చిన్న మనిషిని గీసింది.
గుండ్రటి తలకాయ, రోపు పట్టిన రెండు చేతులు.
"సారు కొట్టేస్తడు" అన్నది.
"కొట్టెయ్యనీ, మార్కు పోకుంట చూసుకో."
ఒక కాలు గీసింది.
రెండోది గీసేలోపట వాళ్లమ్మ పిలిచింది, అన్నం చల్లారుతున్నదని.
నోటుబుక్కు చంకల పెట్టుకొని
మెట్లు రెండు రెండు దుంకుకుంట పోయింది.

పెన్సిలు నా మంచం మీదనే ఉన్నది.